మోడల్ చెయ్యాలన్న ఆసక్తి పోయినప్పుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది టెక్కలి. చిన్న చిన్న మోడల్స్ చేస్తుంటాను: ఇళ్ళు, బళ్ళు, రైలు పెట్టెలు. 2017 వేసవిలో ఒక మోడల్ సగంలో ఆపేసి, మళ్ళీ 2022 వేసవిలో గానీ కత్తి పట్టుకోలేదు. అయిదేళ్ళు. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఈ పని చేసేవాళ్ళు ఎవరు కలిసినా కాసేపటికి మాట అక్కడికే వస్తుంది, "ఈమధ్య చెయ్యబుద్ధి కావట్లేదండీ" అని. వాళ్ళు నన్ను అడిగినవీ, ఆ అయిదేళ్ళలో నన్ను నేను అడుక్కున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. నాకు బాగా తెలిసింది అట్ట, ప్లాస్టిక్, చిన్న రైళ్ళు. ఓడలు, విమానాలు చేసేవాళ్ళకీ ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

ఆసక్తి నిజంగా పోయిందా, ఒట్టి అలసటేనా? ఎలా తెలుస్తుంది?

దారిలో పాత పెంకుటింటి చూరు కనిపిస్తే "దీన్ని దేంతో చెయ్యొచ్చు?" అని ఒక్క క్షణం అనిపిస్తోందా? మందుల డబ్బా చించి పారేయబోతూ అట్ట మందం వేళ్ళతో నొక్కి చూస్తున్నారా? అయితే ఇష్టం ఎక్కడికీ పోలేదు. ఆఫీసులో మార్చి నెల లెక్కలు, పిల్లల పరీక్షలు, ఇంట్లో పెళ్ళి, ఇలాంటివి అయ్యాక ఒక నెలా రెండు నెలలు బల్ల దగ్గరికి వెళ్ళబుద్ధి కాకపోవడం మామూలే. దానికి మందు నిద్ర.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. మోడల్స్ మీదే కాకుండా తిండి మీద, నిద్ర మీద, మనుషుల మీద కూడా ఇష్టం పోయి, అది రెండు వారాలు దాటి అలాగే ఉంటే, ఇక్కడ రాసిన చిట్కాలతో పని లేదు. డాక్టరుతో మాట్లాడండి. టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడొచ్చు. అందులో నామోషీ ఏమీ లేదు.

ఇష్టం ఉండగానే ఎందుకు ఆగిపోతాం?

నా సంగతే చెప్తాను. నేను చేస్తున్నది మా తాతగారి పెంకుటిల్లు. ఇంటి వెనక చేను, చేను దాటితే చిన్న రైలు పట్టాలు. నౌపడ నుంచి టెక్కలి, పాతపట్నం మీదుగా పర్లాకిమిడికి 1900లో పడిన నేరోగేజ్ లైను అది. పర్లాకిమిడి రాజావారు వేయించారు. తర్వాత గుణుపురం దాకా పొడిగించారు. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు, అంటే 762 మిల్లీమీటర్లు. బ్రాడ్‌గేజ్ వెయ్యడం కోసం 2004లో ఆ బండి ఆపేశారు. చిన్నప్పుడు దాని కూత వినబడితే అన్నం కంచం వదిలేసి పెరట్లోకి పరిగెత్తేవాళ్ళం. ఇప్పుడు ఆ బండీ లేదు, ఆ ఇల్లూ లేదు. రెంటినీ ఒక చెక్క మీద మళ్ళీ నిలబెట్టాలని 2015లో మొదలుపెట్టాను. స్కేలు 1:87, అంటే అసలు సైజులో 87వ వంతు.

గోడలు లేచాయి. వీధి అరుగులు కుదిరాయి. కిటికీ ఊచలు పెట్టాను. ఇక కప్పు. బెంగుళూరు పెంకు పొడవు సుమారు 41 సెంటీమీటర్లు. ఈ స్కేల్లో అది అయిదు మిల్లీమీటర్లు కూడా రాదు. పెళ్ళి శుభలేఖల అట్టలోంచి ఒక్కో పెంకూ కత్తిరించి, సూది మొనతో ఎత్తి అతికించేవాణ్ణి. లెక్కేస్తే కప్పు మొత్తానికి దాదాపు వెయ్యి పెంకులు. మూడొందలు దాటాక ఒక రాత్రి స్కేలు పెట్టి చూస్తే వరస వంకర. ఎడమ చివర మిల్లీమీటరు కిందికి జారిపోయింది. లైటు తీసేసి పడుకున్నాను. మర్నాడు వెళ్ళలేదు. ఆ వారం వెళ్ళలేదు. నెల తిరిగేసరికి ఆ గది తలుపు తియ్యడమే మానేశాను. ఎవరైనా అడిగితే "టైము ఉండట్లేదు" అనేవాణ్ణి. నేనూ అదే నమ్మాను.

మా అమ్మ మాత్రం "ఏట్రా, తాత ఇల్లు కప్పకుండానే వొగ్గీసావేటి?" అంది.

ఆ మాట నాకు అర్థం కావడానికి చాలాకాలం పట్టింది. నాకు మోడల్స్ మీద ఇష్టం పోయిందని నేను అనుకున్నాను. అమ్మకి కనబడింది కప్పు లేని ఇల్లు. ఆవిడ చూసిందే నిజం. నేను ఆగింది కప్పు దగ్గర. ఆ ఒక్క పని చెయ్యడం ఇష్టంలేక మొత్తం పనినే దూరం పెట్టాను. నేను మాట్లాడిన చాలామందిది కూడా ఇదే కథ. ఒకరికి అది విమానం కాక్‌పిట్ అద్దం మీద ఫెవిక్విక్ తెల్లగా పొగచూరడం. ఇంకొకరికి ఓడ తాళ్ళు కట్టడం. మరొకరికి డెకాల్, అంటే నీళ్ళలో నానబెట్టి మోడల్ మీద అతికించే పల్చటి గుర్తుల కాగితం, నీళ్ళలో వేయగానే ముక్కలైపోవడం.

ఎక్కడ ఆగానో కనిపెట్టడం ఎలా?

ఆపేసిన మోడల్‌ని ఎదురుగా పెట్టుకోండి. పని చెయ్యొద్దు, చూడండి. తర్వాత చెయ్యాల్సిన పని ఏమిటో ఒక్క వాక్యంలో పైకి అనండి. "ఇంకా చాలా ఉంది" అంటే కుదరదు. "కుడివైపు రెక్క కింద సందు పుట్టీతో నింపాలి" అన్నట్టు ఉండాలి. ఆ వాక్యం అంటున్నప్పుడు మొహం ముడుచుకుంటే దొరికినట్టే.

దొరికాక మూడు దారులున్నాయి. ఆ పనిని వేరే పద్ధతిలో చెయ్యడం, దాన్ని పక్కనపెట్టి ముందు పని చెయ్యడం, లేదా అది లేకుండానే మోడల్ పూర్తయిందని ఒప్పుకోవడం. మూడోది ఓటమి అనుకునేవాళ్ళున్నారు. నేను అనుకోను. ఎవరూ చూడని ఇంజను లోపలి గొట్టాల కోసం ఒక మంచి విమానం ఏళ్ళ తరబడి అట్టపెట్టెలో ఉండిపోవడమే పెద్ద నష్టం.

నేను మొదటి దారి పట్టాను. ఒక్కో పెంకూ అతికించడం మానేసి అట్టని పొడుగు పట్టీలుగా కోశాను. పట్టీ పొడవు 92 మిల్లీమీటర్లు, ఇంటి పొడవెంతో అంత. ఒక అంచున రెండున్నర మిల్లీమీటర్లకొక గాటు. చూరు దగ్గర మొదలుపెట్టి పట్టీ మీద పట్టీ కొంచెం కప్పుతూ నడికొప్పు దాకా అతికించుకుంటూ పోతే పెంకుల వరసలు వాటంతట అవే తేలాయి. గాట్లు ఒక వరసకీ ఇంకో వరసకీ సగం పెంకు పక్కకి జరగాలి, అంతే. వెయ్యి పెంకుల పని వాలుకి 13 చొప్పున 26 పట్టీల పని అయింది. వరస వంకర పోకుండా ముందే పెన్సిలుతో గీతలు గీసుకున్నాను. ఈ పద్ధతి చాలామందికి తెలిసిందే. 2017లో ఎవరినైనా ఒక్క మాట అడిగి ఉంటే నాకూ తెలిసేది.

అయిదేళ్ళు ఆగినవారు మళ్ళీ మొదటి రోజు ఏం చేశారు?

ముంజకాయల బండి చేశాను.

2022 మే నెలలో విజయనగరం నుంచి మా అప్ప, పిల్లాడు వచ్చారు. ముంజెలు తిన్నాక మేనల్లుడు ఖాళీ బుర్రలు పట్టుకొచ్చి, "మావయ్యా, వీటితో బండి చేస్తారంట కదా, చేసియ్యవా" అన్నాడు. ఒకే సైజు బుర్రలు రెండు ఏరాను. నడిమధ్యన పుల్ల దూర్చి ఇరుసు చేశాను. పుల్ల మరీ బిగుతుగా ఉంటే చక్రం తిరగదు, వదులైతే ఊగుతుంది. చాకుతో పుల్లని గీస్తూ, దూర్చి చూస్తూ, మళ్ళీ గీస్తూ ఉంటే వేళ్ళకి పాత అలవాటు గుర్తొచ్చింది. ఇరుసు మీద పంగల కర్ర ఆనించి తొయ్యమన్నాను. వాడు వీధి చివరిదాకా పరిగెత్తాడు. నేను అరుగు మీద కూర్చుని ఇంకో బండి చెయ్యడానికి బుర్రలు ఏరుతున్నాను, ఎవరూ అడక్కుండానే.

ఆ రాత్రి గది తలుపు తీశాను. తాతగారి ఇంటి జోలికి పోలేదు. బల్ల మీద దుమ్ము తుడిచాను, గట్టిపడిన రంగు సీసాలు పారేశాను, కత్తికి కొత్త బ్లేడు వేశాను. పాత బ్లేడుతో అట్ట కోస్తే అంచు పీచు లేస్తుంది. కొత్తది చిన్న చప్పుడుతో జర్రున దిగుతుంది, అంచు అద్దంలా వస్తుంది. పనికిరాని అట్టముక్కని ఊరికే పది పట్టీలు కోసి లేచాను. మొదటి రోజు అంతే.

మీరూ మొదటి రోజు పాత మోడల్ మీద చెయ్యి వెయ్యకండి. ఒక్క పూటలో పూర్తయ్యేది, పాడైనా బాధ లేనిది ఏదైనా చెయ్యండి. విజయనగరం వాళ్ళకైతే ఒక ఆలోచన చెప్తాను. పైడితల్లి అమ్మవారి పండగలో పూజారి చివర కూర్చుని ఊరేగే మాను, సిరిమాను, సుమారు 60 అడుగులుంటుంది. 1:87లో అది 21 సెంటీమీటర్లు. చింతచెట్టు కిందికెళ్ళి నిటారుగా ఉన్న సన్నటి రెమ్మ ఒకటి ఏరుకోండి. చివర అగ్గిపుల్లలతో పూజారి కూర్చునే పీట, కింద అట్టముక్కతో బండి. ఒక సాయంత్రం పని. పండగ చూసిన ప్రతివాళ్ళూ దాన్ని గుర్తుపడతారు.

రెండో రోజు నుంచి రోజుకి పావుగంట. అలారం పెట్టుకోండి. మోగాక ఆపెయ్యాలనిపిస్తే ఆపెయ్యండి. లేచేముందు రేపు చెయ్యాల్సిన ముక్కా, దానికి కావలసిన పనిముట్టూ బల్ల మధ్యలో పెట్టి వెళ్ళండి. రేపు కూర్చోగానే వెతుక్కోవడం లేకుండా చెయ్యి పనిలో పడుతుంది. నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది ఇదే.

తుఫానులో నా మోడల్ తడిసి పాడైంది. మళ్ళీ మొదలుపెట్టాలంటే మనసు రావట్లేదు.

ఇది అడిగినవాళ్ళకి వెంటనే ఏమీ చెప్పబుద్ధి కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు మా ఇంటి రేకులు రెండు లేచిపోయాయి. కప్పు లేక ఆగిపోయిన నా చిన్న ఇంటి మీద రాత్రంతా నీళ్ళు కారాయి. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడితోటలు పోయి మనుషులు జీవనాధారం కోల్పోయి కూర్చుంటే, అట్ట ఇల్లు తడిసిందని ఎవరితో చెప్పుకుంటాం? చెప్పుకోలేదు. కానీ బాధ బాధే. అది చిన్నదని మీకు మీరు నచ్చజెప్పుకోనక్కర్లేదు.

తర్వాత తెలిసిన సంగతులు చెప్తాను. తెల్ల ఫెవికాల్ మామూలు రకం తడిస్తే మెత్తబడి ఊడిపోతుంది. ఫోమ్ బోర్డు పైన కాగితం పొరలు లేచిపోతాయి. ప్లాస్టిక్ ముక్కలకీ, ఎనామిల్ రంగు వేసిన భాగాలకీ అంతగా ఏమీ కాదు. అందుకని తడిసిన మోడల్‌ని వెంటనే చెత్తలో పడెయ్యకండి. ఎండలో కూడా పెట్టొద్దు, అట్ట విల్లులా వంగిపోతుంది. నీడలో, ఫ్యాను గాలికి, బల్లపరుపుగా ఉంచి పైన కొంచెం బరువు పెట్టి ఆరనివ్వండి. నాలుగు రోజుల తర్వాత ఏది మిగిలిందో చూడండి. నాకు కిటికీలు, తలుపులు, అరుగు రాళ్ళు మిగిలాయి. వాటిని బిస్కట్ల డబ్బాలో దాచాను. రెండోసారి గోడలు సన్‌బోర్డుతో చేశాను. అది నీళ్ళు పీల్చదు, కత్తికి మెత్తగా తెగుతుంది, బోర్డులు రాసే దుకాణాల్లో తుంపు ముక్కలు ఇస్తారు. పాత తలుపు కొత్త గోడలో కూర్చున్నప్పుడు నాకు కళ్ళు చెమ్మగిల్లాయి.

అక్టోబరు, నవంబరు నెలల్లో పూర్తయిన మోడల్స్‌ని మూత బిగించే ప్లాస్టిక్ పెట్టెలో, నేలకి రెండడుగుల ఎత్తున ఉంచండి. ఉత్తరాంధ్రలో ఉంటూ ఈ జాగ్రత్త తీసుకోకపోతే ఎలా?

కిట్లు కొని పెట్టాను. తెరవకుండానే ఆరేడు ఉన్నాయి. వాటిని చూస్తేనే టెన్షన్.

కొనేటప్పటి సరదా వేరు, చేసేటప్పటి సరదా వేరు. పని ఆగినప్పుడు కొనడం ఎక్కువవుతుంది, నాకూ అయింది. ఒక్క పెట్టె బయట ఉంచి మిగతావి అటక మీద పెట్టేయండి, కంటికి కనబడకుండా. ఏది ఉంచాలో తేల్చుకోలేకపోతే అన్నిట్లోకీ తక్కువ ముక్కలున్నది ఉంచండి. మీకిక అక్కర్లేదనిపించినవాటిని తెలిసిన కుర్రాడికి ఇచ్చేయండి. డబ్బు పోయిందని బాధపడకండి. పెట్టెలో ఉన్నా పోయినట్టే.

ఇంట్లో "ఇంత వయసొచ్చి బొమ్మలాటలేమిటి" అంటారు.

బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళల్లో ఈ మాట అనడం నాకు ఆశ్చర్యం. సంక్రాంతికి మెట్లు కట్టి, బొమ్మలతో పెళ్ళీ, సంతా, పల్లెటూరూ పేర్చి పేరంటాళ్ళని పిలిచి చూపించే సంప్రదాయం మనది. మీరు చేసేది దానికి చుట్టమే.

వాదించొద్దు. వాళ్ళకి తెలిసినదాన్ని చెయ్యండి. నేను ఇంగ్లండు రైలు పెట్టెలు చేసినన్నాళ్ళూ ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. తాతగారి ఇల్లు గోడలు లేవగానే అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "నుయ్యి ఇటేపు కాదురా, అటేపు. జామచెట్టుకీ పశువులశాలకీ మధ్యన" అని సరిచేసింది. మా బాబాయి ఫోన్లో ధాన్యం గాదె ఎంత ఎత్తుండేదో చెప్పాడు. నాకు తెలియని మా ఇంటి కథలు ఆ నెలలో విన్నన్ని ఎప్పుడూ వినలేదు.

వీడియోల్లో గొప్పగొప్ప మోడల్స్ చూస్తే నీరసం వస్తోంది.

చూడటం తగ్గించండి. పదినిమిషాల వీడియో వెనక ఎన్ని నెలల పని ఉంటుందో మనకి కనబడదు. ఆగిన పనికి జవాబు వెతుక్కోవడానికి మాత్రమే చూసి, అది దొరకగానే ఫోన్ పక్కన పెట్టేయండి. మీ పాత మోడల్‌నీ కొత్త మోడల్‌నీ పక్కపక్కన పెట్టి చూసుకోండి, పోలిక అక్కడ చాలు.

మన ఉక్కకీ వానకీ పనే సాగదు. ఏ కాలంలో ఏం చెయ్యాలి?

ఆసక్తి పోవడానికి వాతావరణం ఇంత పెద్ద కారణమని మొదట్లో నాకు తెలియలేదు. తప్పు నా చేతిదే అనుకునేవాణ్ణి.

వానాకాలంలో స్ప్రే రంగు కొడితే పైన తెల్లటి మసక పడుతుంది. రంగులోని థిన్నర్ గబగబా ఆవిరయ్యేటప్పుడు ఆ పైపొర చల్లబడుతుంది. గాలిలోని తేమ దాని మీద చేరి మసకబారుతుంది. రంగు కంపెనీ మార్చినా ఉపయోగం ఉండదు, రోజు మార్చాలి. ముసురు లేని రోజున, మిట్టమధ్యాహ్నం వేళ, గాలి ఆడే చోట, ముక్కుకి మాస్కు పెట్టుకుని కొట్టండి. ఫెవిక్విక్ గట్టిపడేదే తేమ వల్ల. అందుకే ఆగస్టులో ముక్క సరిగా పెట్టేలోపే పట్టేస్తుంది. ఫెవికాల్‌ది దీనికి తలకిందులు, ఆరడానికి రెట్టింపు సమయం పడుతుంది, రాత్రంతా వదిలేయండి.

ఎండాకాలంలో ఏక్రిలిక్ రంగు కుంచె మీదే ఎండిపోతుంది. దానికి చక్కటి ఉపాయం ఉంది. పాత టిఫిను డబ్బాలో తడిపిన టిష్యూ కాగితం పరిచి, పైన బటర్ పేపర్ వేసి, రంగు దాని మీద కలుపుకోండి. కింద తడి ఉన్నంతసేపూ రంగు మెత్తగా ఉంటుంది. మూత పెడితే మర్నాటికీ పనికొస్తుంది. ఇది తెలిశాక నాకు రంగులంటే చిరాకు పోయింది. ఇక ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను వేస్తే ముక్కలు ఎగురుతాయి, ఆపితే చెమట. తెల్లవారుజామున అయిదింటికి లేచి చేసుకోవడమే హాయి.

మొత్తానికి వానల్లో కోతలు, అతుకులు. నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా రంగులు. ఈ లెక్కన పెట్టుకుంటే కాలంతో కొట్లాట తప్పుతుంది.

సామాన్లు ఇక్కడ దొరకవు కదా?

ప్రత్యేకమైన రంగులు, రైలు పట్టాలు, కిట్లు అయితే ఆన్‌లైన్లో తెప్పించుకోవాల్సిందే. మిగతా చాలావరకు ఊళ్ళోనే ఉన్నాయి, ఇంట్లోనే ఉన్నాయి.

వాడేసిన టీపొడి కడిగి ఎండబెడితే దున్నిన నేలకి అంతకన్నా మంచిది లేదు. పట్టాల కింద కంకరకి వంశధార ఇసుక జల్లెడ పట్టి వాడుతున్నాను. అతికించడానికి ఫెవికాల్‌లో సమానంగా నీళ్ళు కలిపి, ఒక చుక్క అంట్లు తోమే లిక్విడ్ వేస్తే ఇసుకలోకి చక్కగా దిగుతుంది. లిక్విడ్ వెయ్యకపోతే బొట్టుబొట్టుగా పైనే నిలబడి ఇసుకని తోసేస్తుంది. కొబ్బరి ఈనెలు వాసాలు. చీపురు పుల్లల చివర్లు ఎండుగడ్డి. ఇంటికొచ్చే శుభలేఖలు ఒక్కటీ పారేయకండి, అంత మంచి అట్ట స్టేషనరీ షాపుల్లో కూడా దొరకదు.

ఒకటి గమనించాను. సామాన్ల కోసం ఇంట్లో, పెరట్లో వెతకడం మొదలుపెట్టిన రోజునే చెయ్యాలన్న ఆశ పుట్టేది. పార్సిల్ కోసం ఎదురుచూసిన రోజుల్లో అది పుట్టలేదు.

స్కేలు మార్చుకోవచ్చా? కళ్ళు కూడా ఇదివరకట్లా లేవు.

మార్చుకోండి. నలభై దాటాక దగ్గరివి మసకబారడం అందరికీ వచ్చేదే. చాలామంది "ఆసక్తి తగ్గింది" అనుకునేది నిజానికి చూపు తగ్గడం. ముందు కళ్ళ డాక్టరుకి చూపించుకుని, మీరు పనిచేసే దూరం ఎంతో చెప్పి అద్దాలు రాయించుకోండి. టేబుల్ లైటు ఎడమవైపు ఒకటి, కుడివైపు ఒకటి పెడితే నీడలు పోతాయి. అప్పటికీ కష్టమైతే 1:72 విమానాల నుంచి కాస్త పెద్దవైన 1:48కి వెళ్ళండి.

రైళ్ళకైతే నేను 1:87 ఎందుకు వదల్లేదో చెప్తాను. మన చిన్న బండి పట్టాలు 762 మిల్లీమీటర్లు కదా, దాన్ని 87తో భాగిస్తే 8.76. బజారులో ఎన్ గేజ్ అని అమ్మే పట్టాల వెడల్పు 9 మిల్లీమీటర్లు. అంటే వేరే స్కేలు కోసం తయారైన పట్టాలు మన నౌపడ లైనుకి సరిగ్గా సరిపోతాయి. ఈ లెక్క తేలిన రోజు నేను రాత్రి నిద్రపోలేదు. అదే మన బ్రాడ్‌గేజ్ అయితే 1676ని 87తో భాగిస్తే 19.3 వస్తుంది, బజారులో దొరికే 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీద మన బోగీ సన్నబడిపోతుంది.

సగంలో ఉన్నవన్నీ పూర్తి చెయ్యాలా?

అక్కర్లేదు. ఒకటి పూర్తి చెయ్యండి. మిగతావాటిలోంచి చక్రాలు, కిటికీలు, పనికొచ్చేవన్నీ విప్పి డబ్బాలో వేసుకోండి.

ఒక్కణ్ణే చేసుకుంటున్నాను. తోడెవరూ లేరు.

అచ్చం మీ పనే చేసే మనిషి మీ ఊళ్ళో దొరక్కపోవచ్చు. చేత్తో పనిచేసే మనుషులు మాత్రం మన రెండు జిల్లాల్లో కావలసినంతమంది. బొబ్బిలి వెళ్ళి వీణ చేసేవాళ్ళ దగ్గర ఒక గంట కూర్చోండి. పనస దుంగలోంచి బుర్ర తొలుస్తుంటే చూడండి. బహుమతిగా ఇచ్చే చిన్న చిన్న వీణలూ వాళ్ళే చేస్తారు. చిన్నదాంట్లో కూడా మెట్లు ఎలా కుదురుస్తారో అడగండి, ఓపిగ్గా చెప్తారు. బుడితిలో ఇత్తడి పని ఉంది. పొందూరులో నూలు వడికేవాళ్ళున్నారు. విశాఖ వెళ్ళినప్పుడు బీచ్‌లో కురుసురా జలాంతర్గామిలోకి దిగండి. 91 మీటర్ల ఓడలో అంతమంది ఎలా ఇమిడి బతికారో చూస్తే బయటికి వచ్చేసరికి చేతులు ఊరుకోవు. 1:350 స్కేల్లో అది 26 సెంటీమీటర్లు, పుస్తకాల అల్మరాలో పడుతుంది.

ఇంకొకటి, పిల్లలకి నేర్పండి. వాళ్ళు అడిగే ప్రశ్నలకి జవాబు చెప్పాలంటే మనం మళ్ళీ నేర్చుకోవాలి. నా మేనల్లుడు ఇప్పుడు సెలవులకి వస్తే శుభలేఖల కట్ట మోసుకొస్తున్నాడు.

గడువు పెట్టుకుంటే మంచిదా?

తేదీ పెట్టుకుంటే ఒత్తిడి, పండగ పెట్టుకుంటే ఉత్సాహం. నా అనుభవం ఇది. "సంక్రాంతి కొలువులో పెడతాను" అని ఇంట్లో చెప్పేశాను. కొలువులో పెట్టడానికి మోడల్ పూర్తి కావాలని లేదు. 2023 సంక్రాంతికి కప్పు ఒకవైపే పడింది, ఆ వైపు జనానికి తిప్పి పెట్టాం. వచ్చిన పేరంటాళ్ళలో ఒక పెద్దావిడ వంగి చూసి, "మా ఇంటికీ ఇలాగే రెండరుగులుండేవి" అని చాలాసేపు అక్కడే నిలబడింది.

మళ్ళీ ఆసక్తి పోతే?

పోతుంది. నాకు నిరుడు వానల్లో రెండు నెలలు పోయింది. ఈసారి మాత్రం ఎక్కడ ఆగానో ఒక చీటీ మీద రాసి మోడల్ పక్కనే పెట్టాను: "పశువులశాల గుంజలు పొట్టి అయ్యాయి, మళ్ళీ కొయ్యాలి." తిరిగి వచ్చినప్పుడు ఆ చీటీ చదివి గుంజలు కోశాను.

ఇంతకీ మీ తాతగారి ఇల్లు ఎక్కడిదాకా వచ్చింది?

కప్పు రెండువైపులా పడింది. పట్టాలు వేశాను, బండి ఇంకా లేదు. నుయ్యి అమ్మ చెప్పినచోటే, జామచెట్టుకీ శాలకీ మధ్యన కట్టాను. గిలక మాత్రం మిగిలింది. పాత చేతి గడియారంలోంచి తీసిన పళ్ళ చక్రం సరిపోతుందనుకున్నాను గానీ పళ్ళు కనబడిపోతున్నాయి, సానరాయి మీద అరగదీస్తున్నాను. చేదతాడుకి అమ్మ తన కుట్టుమిషను పెట్టెలోంచి గోధుమరంగు దారం ఉండ ఇచ్చింది. "కొస ముడెయ్యడం మరిచిపోకు, బొక్కెన నూతిలో పడిపోతాది" అని చెప్పి మరీ ఇచ్చింది.